అయిదేళ్ల పాపకు తొలి ఫుట్‌బాల్ మ్యాచ్: ఏ మైదానానికి, ఎంతసేపు?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా పాపకు అయిదున్నరేళ్లు. కాలేజీ రోజుల్లో నేను ఫుట్‌బాల్ జట్టులో బ్యాక్‌గా, అంటే గోల్ పడకుండా అడ్డుకునే వెనక వరసలో ఆడేవాణ్ణి. ఇప్పుడు పాప కూడా అపార్ట్‌మెంటు కింద పార్కింగులో ప్లాస్టిక్ బంతి తన్నుతూ, "మెస్సీ ఎక్కడ ఆడతాడు నాన్నా, మనం వెళ్దామా?" అని అడుగుతోంది. హైదరాబాదులో ఉన్న మా బావమరిది, అక్కడ పెద్ద మ్యాచ్ ఏదైనా జరిగినప్పుడు తీసుకురమ్మంటున్నాడు. మా నాన్నగారేమో ఆ ఎండలో, ఆ జనంలోకి ఆడపిల్లను తీసుకెళ్లడమేమిటి, టీవీలో చూపిస్తే చాలదా అంటున్నారు. ఈ వయసులో తీసుకెళ్లవచ్చా? ఏ మ్యాచ్‌కు తీసుకెళ్లాలి? మధ్యలో విసుగొచ్చి ఏడిస్తే ఏం చేయాలి? ముందుగా మంచి బంతి, బూట్లు కొనిపెట్టాలా?
– ఒక తండ్రి, గుంటూరు

సమాధానం: తీసుకెళ్లవచ్చు, నిరభ్యంతరంగా తీసుకెళ్లండి. అయితే మీ బావమరిది ఆహ్వానాన్ని మరో నాలుగైదేళ్లకు వాయిదా వేసి, మొదటిసారికి మాత్రం ఇంటి నుంచి ఆటోలో వెళ్లి రాగలిగినంత దూరంలో, టికెట్టు అక్కర్లేని, గ్యాలరీ సగానికి పైగా ఖాళీగా ఉండే చిన్న మ్యాచ్‌ను ఎంచుకోండి. అది కూడా సగం వరకే చూసి వచ్చేద్దామనే ఉద్దేశంతోనే బయలుదేరండి. నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే.

ఈ మాట నేను దెబ్బతిని నేర్చుకున్నాను. మా అబ్బాయికి నాలుగేళ్లు నిండీ నిండకముందే, చాలా ఏళ్ల కిందట, ఒక టోర్నమెంటు ఫైనల్‌కు తీసుకెళ్లాను. చూసే మొదటి ఆటే ఫైనల్ కావడం వాడి అదృష్టమని లోలోపల మురిసిపోతూ, వాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని జనం మధ్యలో నిలబడ్డాను. ఇరవయ్యో నిమిషం ప్రాంతంలో గోల్ పడింది. మా వెనకే ఎవరో సీమటపాకాయల దండ ముట్టించారు. వాడి రెండు చేతులూ నా జుట్టులో బిగుసుకుపోయాయి. ఏడవలేదు, అరవలేదు. కిందికి దింపితే నా తువ్వాలు తలమీదుగా కప్పుకుని, మోకాళ్ల మధ్య ముఖం పెట్టుకుని కూర్చున్నాడు. ఆ తరువాత దాదాపు రెండేళ్లు మైదానం పేరెత్తితే చాలు, కడుపునొప్పి అనేవాడు. టపాకాయలు కాల్చినవాళ్లను ఏమని తప్పుపట్టగలను? ఫైనల్‌కు వచ్చినవాళ్లు సందడి చేయక మానరు. ఆ సందడిలోకి నాలుగేళ్లవాణ్ణి మోసుకెళ్లింది నేను.

మీ నాన్నగారి భయం కూడా కొట్టిపారేయదగినది కాదు. ఉద్యోగాల్లో వినికిడి రక్షణకు వేసే ఒక లెక్క ప్రకారం, 85 డెసిబెల్స్ మోతలో పెద్దవాళ్లు రోజుకు ఎనిమిది గంటలకు మించి ఉండకూడదు. మోత మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ వ్యవధి సగానికి తగ్గిపోతుంది. అంటే 100 డెసిబెల్స్ దగ్గరకు వచ్చేసరికి మిగిలేది పావుగంట. కిక్కిరిసిన స్టేడియంలో గోల్ పడిన క్షణంలో హోరు ఆ మేరకు చేరడం వింతేమీ కాదు. ఇక జనం సంగతి చెప్పాలంటే, 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్ల మ్యాచ్‌లో గొడవ చెలరేగి పదహారుమంది అభిమానులు ప్రాణాలు కోల్పోయారు. 2022 అక్టోబరు 1న ఇండోనేషియాలోని కంజురుహాన్ స్టేడియంలో పోలీసులు బాష్పవాయువు ప్రయోగించగా, బయటికి పోయే దారుల దగ్గర జరిగిన తొక్కిసలాటలో 135 మంది చనిపోయారు. ఇలాంటివి అరుదే. మనవైపు చిన్న మైదానాల్లో అంత జనమే ఉండరు. అయినా ఎంత చిన్న మ్యాచ్‌కు వెళ్లినా గేటుకు దగ్గరగా కూర్చోవడం, ఆఖరి విజిల్‌కు పది నిమిషాల ముందే లేవడం అనే రెండు అలవాట్లను మొదటి రోజు నుంచే పాటించండి.

హైదరాబాదు వద్దనడానికి మరో కారణం కూడా ఉంది. గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియం మొదట అథ్లెటిక్స్ కోసం కట్టినది కాబట్టి, గ్యాలరీకీ ఆటస్థలానికీ మధ్య పరుగుపందేల ట్రాక్ ఉంటుంది. భారత జట్టు 2024 నవంబరులో మలేషియాతో 1-1గా ముగించిన మ్యాచ్, అదే ఏడాది డిసెంబరు 31న రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీలో బెంగాల్ 1-0తో కేరళను ఓడించిన ఫైనల్ అక్కడే జరిగాయి. మీకూ నాకూ అవి పండగలే. కానీ ఐదారు గంటలు ప్రయాణం చేసి, వరసలో నిలబడి, సోదా చేయించుకుని, తీరా కూర్చున్నాక అంత దూరాన అగ్గిపుల్లలంత మనుషులు అటూ ఇటూ పరుగెత్తడం కనిపిస్తే, అయిదేళ్ల పిల్లకు టీవీయే నయమనిపిస్తుంది. అప్పుడు మీ నాన్నగారి మాటే నెగ్గుతుంది.

మరి చిన్న మ్యాచ్ ఎక్కడ దొరుకుతుందంటే, పేపర్లో వెతకడం కన్నా మీ వీధిలోని ఏ స్కూలు పీఈటీ మాస్టారినైనా అడగడం మేలు. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలకు మండల, జిల్లా జట్ల ఎంపికలు ఎప్పుడో, నాగార్జున విశ్వవిద్యాలయం పరిధిలోని కాలేజీల మధ్య పోటీలు ఎక్కడో వారికి తెలిసినట్టు మరెవరికీ తెలియదు. పదమూడు పద్నాలుగేళ్ల పిల్లల మ్యాచ్ అయితే మరీ మంచిది. హాఫ్‌ల నిడివి తక్కువగా ఉంటుంది, ఆడేది అక్కలూ అన్నలూ కాబట్టి "నేనూ ఇలా ఆడొచ్చు" అని పాపకు తోస్తుంది. ఆడపిల్లల మ్యాచ్ దొరికితే దానికే మొదటి ప్రాధాన్యం ఇవ్వండి. విజయవాడలో లయోలా కాలేజీ వైపో, బందరు రోడ్డులోని ఇందిరాగాంధీ స్టేడియంలోనో ఏదైనా ఉందని తెలిస్తే, కారు కాకుండా ప్యాసింజరు రైల్లో వెళ్లండి. కృష్ణా కెనాల్ జంక్షన్ దాటాక రైలు నదిపైకి ఎక్కి దడదడమంటూ సాగే ఆ కొద్ది నిమిషాలు మ్యాచ్ కన్నా ఎక్కువగా గుర్తుండిపోయే అవకాశం ఉంది. అందుకు నొచ్చుకోకండి.

బయలుదేరే ముందు రోజే, "అక్కడికి మెస్సీ రాడమ్మా, మన ఊరి పిల్లలు ఆడతారు" అని పాపకు స్పష్టంగా చెప్పండి. చెప్పకపోతే ఆమె పదో నంబరు చొక్కా కోసం వెతుకుతూనే ఉంటుంది, అది వేసుకున్న పిల్లవాడు మెస్సీ కాదని తేలాక మీ మాట మీద నమ్మకం పోతుంది. ఆడపిల్లకు ఫుట్‌బాలేమిటన్న సందేహం మీ నాన్నగారి మనసులో ఏ మూలనైనా ఉంటే, భారత మహిళల జట్టుకు ఆడిన గుగులోతు సౌమ్యది నిజామాబాద్ జిల్లాయేనని, 2025 జులైలో మన అమ్మాయిలు థాయ్‌లాండ్‌ను వాళ్ల గడ్డమీదే 2-1తో ఓడించి ఆసియా కప్‌కు అర్హత సంపాదించారని చెప్పిచూడండి. అంతకన్నా మంచి ఉపాయం, ఆయన్నీ వెంటపెట్టుకుని వెళ్లడం. తాతయ్యల ఓపిక తండ్రులకు ఉండదు.

ఆయన్నీ తీసుకెళ్లమనడానికి ఇంకో అవసరం కూడా ఉంది గానీ, దానికి ఆయన కన్నా పాప వాళ్లమ్మో అత్తయ్యో తోడుంటే మరీ మంచిది. మన మైదానాల్లో మరుగుదొడ్లకు చాలాచోట్ల తాళం వేసి ఉంటుంది, తీసి ఉన్నవాటిలోకి ముక్కు మూసుకోకుండా వెళ్లలేము. తండ్రి ఒక్కడే వెళితే అయిదున్నరేళ్ల ఆడపిల్లను ఏ వైపుకు తీసుకెళ్లాలన్నది అప్పటికప్పుడు తెగే సమస్య కాదు. ఇంటి దగ్గరే పని ముగించి బయలుదేరండి. చేరగానే ఆట సంగతి తరువాత, ముందు మరుగుదొడ్డి ఎక్కడుందో, నీళ్లు వస్తున్నాయో లేదో చూసుకోండి. లేకపోతే దగ్గర్లో ఏ హోటలుందో గుర్తుపెట్టుకోండి. ఎన్నో తొలి మ్యాచ్‌లు విసుగు వల్ల కాదు, ఈ ఒక్క కారణం వల్లే పాడయ్యాయి.

ఎండ విషయంలో మన జిల్లాలవాళ్లకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. మార్చి దాటాక పగటి మ్యాచ్ ఆలోచనే పెట్టుకోకండి. డిసెంబరు, జనవరి నెలల్లో సాయంత్రపు ఆట చూసుకోండి. పడమటి గ్యాలరీలో కూర్చుంటే దిగే ఎండ వీపు మీద పడుతుంది గానీ కళ్లలో పడదు. ఆ సిమెంటు మెట్లు సాయంత్రమైనా వేడి వదలవు కాబట్టి మడత పెట్టిన దుప్పటి ఒకటి సంచిలో ఉంచుకోండి. తినడానికి అరటిపండు, మరమరాలు, తాగడానికి సీసాలో పలచటి మజ్జిగ చాలు. మైదానం బయట అమ్మే వేరుశనగ గింజలను మాత్రం ఈ వయసువాళ్లకు గంతులు వేస్తుండగా పెట్టకండి, గొంతులో అడ్డుపడే ప్రమాదముంది.

కూర్చునే చోటు గురించి కాస్త వివరంగా చెప్పాలి. గోల్ వెనక నుంచి చూస్తే ఆట బాగుంటుందని మీలాంటి పాత ఆటగాళ్లకు అనిపిస్తుంది, కానీ పెద్దలు ఆడే బంతి 410 నుంచి 450 గ్రాముల బరువుంటుంది. గురి తప్పిన షాట్ ఒకటి వచ్చి తగిలితే పసిముఖం తట్టుకోలేదు. సైడ్ లైనుకు పది పన్నెండు అడుగుల వెనక, కార్నర్ జెండాకు చేరువలో ఉంటే ఆటగాళ్ల ఊపిరి కూడా వినిపిస్తుంది, "వెనక మనిషి! వదులు, వదులు!" అనే కేకలు, బూటు బంతికి తగిలిన ఆ 'ధబ్' చప్పుడు చెవిన పడతాయి. టీవీ ఇవ్వలేనిది ఇదే. అక్కడ తెల్లగీతలు వేసేది చాలాచోట్ల సున్నపు పొడితో. పిల్లలకు అది ముగ్గులా కనిపించి చేయి పెట్టబోతారు. ఆ చేత్తో కన్ను నులుముకుంటే చాలా ప్రమాదం. పొరపాటున కంట్లో పడితే నులమనివ్వకుండా వెంటనే ధారగా మంచినీళ్లు పోస్తూ చాలాసేపు కడిగి, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. అలాగే మ్యాచ్‌కు ముందు పెద్దలను అడిగి పాపను ఒకసారి గోల్ మధ్యలో నిలబెట్టండి. 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు ఉండే ఆ చట్రం మధ్యలో నిలబడితే గోల్ కీపర్ పని ఎంత కష్టమో మాటలతో పనిలేకుండా అర్థమవుతుంది. స్తంభాలు భూమిలో పాతకుండా కదిలించడానికి వీలుగా ఉన్నవైతే మాత్రం వాటిని పట్టుకుని, వలను పట్టుకుని వేలాడనివ్వకండి. అవి మీదపడి పిల్లలు చనిపోయిన ఘటనలు వివిధ దేశాల్లో ఉన్నాయి.

ఆట మొదలయ్యాక మీకు అసలు పరీక్ష. పాప బంతివైపు చూడదు. లైన్స్‌మన్ జెండా ఎందుకు ఎత్తుతున్నాడని అడుగుతుంది, అవతల మేస్తున్న మేకను చూస్తుంది, రిజర్వులో కూర్చున్న కుర్రాడు బూటు లేసులు విప్పి మళ్లీ కట్టుకోవడాన్ని నోరు తెరుచుకుని చూస్తుంది. కొన్నేళ్ల తరువాత మా మనవరాలిని తీసుకెళ్లినప్పుడు, మొదటి హాఫ్ అంతా ఆమె చూసింది ఒక్కటే. గోల్ కీపర్ తన రెండు గ్లౌజుల మీదా ఉమ్మి రాసుకుని, స్తంభాన్ని కాలితో ఒకసారి తన్ని, మళ్లీ వచ్చి మధ్యలో నిలబడతాడు; బంతి అటువైపు ఉన్నంతసేపూ అదే పని. ఈ పిల్ల ఆ ఉమ్మి ఎన్నిసార్లు వేశాడో లెక్కపెట్టింది. గోల్ పడిన క్షణంలో ఆమె అటు చూడనేలేదు. "గోల్! చూడలేదా, గోల్!" అని నేను భుజం కుదిపితే, "తొమ్మిది" అంది. ఇంటికొచ్చాక దిండును స్తంభంగా చేసుకుని వారం రోజులు అదే నటించింది. ఆమె ఆట చూడలేదని ఎవరంటారు? కాబట్టి "అటు చూడు, ఇటు చూడు" అని గడ్డం పట్టుకుని తిప్పకండి. ఫోన్లో వీడియో కూడా తీయకండి. తీసేవాడు స్క్రీను చూస్తుంటాడు, పిల్ల తీసేవాడి ముఖం చూస్తుంది, ఆట ఎవరూ చూడరు.

నియమాలు చెప్పాలని మీకు నోరు దురదపెడుతుంది. రెండే చెప్పండి: చేత్తో పట్టుకునే హక్కు గోల్ కీపర్‌కు మాత్రమే ఉంది, అదీ తన గోల్ ముందు గీసిన పెట్టె లోపలే; పసుపు కార్డు అంటే హెచ్చరిక, ఎర్ర కార్డు అంటే ఇంటికి పో అని. ఆఫ్‌సైడ్ అనే చిక్కు నియమం జోలికి పోకండి. నలభై ఏళ్లుగా మ్యాచ్‌లు చూస్తున్న మా మిత్రబృందమే దాని మీద ఇప్పటికీ టీ చల్లారేదాకా కొట్లాడుకుంటుంది. ఆట మందగించినప్పుడు నియమాలకు బదులు కథ చెప్పండి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన జట్టులో చాలామంది బూట్లు లేకుండా ఆడి, ఫ్రాన్స్ చేతిలో 1-2తో మాత్రమే ఓడారంటే ఏ పిల్లయినా తన కాళ్లవైపు చూసుకుంటుంది. తాతయ్య పక్కనుంటే హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీమ్ గురించి ఆయన్నే చెప్పమనండి: ఆయన శిక్షణలోనే మన జట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల బంగారు పతకాలు గెలిచింది, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాదు తులసీదాస్ బలరామ్ ఆ మెల్బోర్న్ జట్టులోనూ, జకార్తా జట్టులోనూ ఉన్నాడు. ఈ సంగతులు చెప్పే వంకతోనైనా మీ నాన్నగారు మ్యాచ్ పక్షానికి వచ్చేస్తారని నా అంచనా.

బూతుల విషయం మీరు అడగలేదు కానీ అడిగి ఉండాల్సింది. రిఫరీ ఒక ఫౌల్ ఇవ్వగానే మీ వెనక వరసలో నుంచి వాడి వంశవృక్షం మొత్తం వినిపించవచ్చు. వాళ్లతో వాదించకండి, చోటు మార్చండి. పాప ఆ మాటకు అర్థం అడిగితే, "అది ఓడిపోతున్నవాళ్లు కోపంలో అనే మాట, మనం అనం" అని మామూలు గొంతుతో చెప్పి వదిలేయండి. కంగారుపడి నోరు మూయిస్తే ఆ మాటే ఇంట్లో చుట్టాల ముందు పలుకుతుంది.

ఇక ఏడుపు, విసుగు. పూర్తి మ్యాచ్ అంటే 45 నిమిషాల హాఫ్‌లు రెండు, మధ్యలో 15 నిమిషాల విరామం. ముందూ వెనకా కలిపితే రెండు గంటల పైమాటే. అయిదున్నరేళ్ల పిల్లను అంతసేపు కూర్చోబెట్టాలనుకోవడం న్యాయం కాదు. "హాఫ్ టైమ్ దాకా చూసి, పునుగులు తిని ఇంటికి వెళ్దాం" అని ముందే చెప్పి ఉంచండి. విరామంలో అంచున కాస్త ఖాళీ జాగా ఉంటే ఆమె ప్లాస్టిక్ బంతిని ఇచ్చి తన్నుకోనివ్వండి, చాలామంది పిల్లలకు రోజు మొత్తంలో నచ్చేది అదే. తానే "ఇంకాసేపు" అంటే ఉండండి. అనకపోతే మారు మాట్లాడకుండా లేవండి. స్కోరు 1-1గా ఉన్నా, పెనాల్టీ రాబోతున్నా సరే. మీలోని పాత బ్యాక్‌కు ఇది కష్టమేనని నాకు తెలుసు. ఇరవయ్యో నిమిషానికే భయపడి ఏడిస్తే ఎత్తుకుని గేటు బయటికి తీసుకెళ్లి, చప్పుడు దూరమయ్యాక, మళ్లీ లోపలికి వెళ్దామా ఇంటికి వెళ్దామా అని ఆమెనే అడగండి. "ఇంత దూరం వచ్చాక ఏడుస్తావా" అన్న మాట మాత్రం నోట రానివ్వకండి.

తప్పిపోయే భయానికి చేయాల్సింది కొద్దిగానే ఉంది. దూరం నుంచి కనిపించే రంగు బట్టలు వేయండి, లోపలికి వెళ్లే ముందు ఆ బట్టలతోనే ఒక ఫోటో తీసి పెట్టుకోండి, మీ ఫోన్ నంబరు పెన్నుతో ఆమె మోచేతి లోపలివైపు రాయండి. "నేను కనిపించకపోతే వెతకడానికి పోవద్దు, ఉన్నచోటే నిలబడి నాన్నా అని అరువు" అని ఇంటి దగ్గరే ఒకటి రెండుసార్లు ఆటగా ఆడించండి.

చివరిగా బంతి, బూట్లు. మ్యాచ్‌కు ముందు ఏమీ కొనకండి. కొంటే మ్యాచ్ కన్నా బూట్ల మీదే ధ్యాసంతా పోతుంది, పైగా అవి నాలుగు నెలల్లో బిగుతైపోతాయి. వచ్చిన వారం తరువాత కూడా ఆమె పార్కింగులో తన్నుతూనే ఉంటే, మూడో సైజు బంతి కొనండి. పెద్దల అయిదో సైజు బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు ఉంటే, ఇది 60కి అటూ ఇటూగా ఉంటుంది, బరువూ తక్కువే. షాపువాళ్లు "పెరిగే పిల్ల కదండీ" అని పెద్దది అంటగట్టబోతారు, తీసుకోకండి. గట్టి నేల మీద ఆడే పిల్లకు అడుగున మేకులున్న బూట్లు అక్కర్లేదు. కాలికి సరిపోయిన కాన్వాస్ బూట్లు చాలు. తలతో కొట్టడం మీరు బ్యాక్‌గా బాగా నేర్చిన విద్యే అయినా ఇప్పుడే నేర్పకండి. అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య పదేళ్లు, అంతకు లోపు పిల్లలు తలతో కొట్టకూడదని 2015లోనే నిర్ణయించింది. బంతి కొన్న రోజు సాయంత్రం మాత్రం కిందికి దిగి, పార్కింగులో రెండు స్కూటర్ల మధ్య జాగాను గోల్‌గా పెట్టుకుని, మీరు కీపర్‌గా నిలబడండి.